లచ్చవ్వ ఆవంలో నిప్పుతొండలు

సిద్దిపేట కుమ్మరివాడలో లచ్చవ్వ కోపం ఎరగనివాళ్ళు లేరు. ఆమె అరిచే మనిషి కాదు, తిట్టే మనిషీ కాదు. కోపం వస్తే మాట తగ్గిపోయేది, చేతిలో పని జోరందుకునేది. కొయ్యచెక్కతో కుండ అడుగు కొట్టే చప్పుడు వాడకట్టు చివరి ఇంటిదాకా వినబడిందంటే, ఆ పూట పోశయ్యకు చల్లబువ్వేనని ఆడవాళ్ళు నవ్వుకునేవారు. పోశయ్య ఆమె భర్త. కుండలు చేసే సారె మీద అతని చెయ్యి ఎంత గట్టిదో మనిషి అంత మెత్తన. దొర ఉండే గడి నుంచి ఎవరైనా వస్తున్నారంటే చాలు, తలకు చుట్టుకున్న రుమాలు విప్పి చంకలో పెట్టుకుని నిలబడేవాడు. లచ్చవ్వకు అతని మీద వచ్చే కోపాల్లో సగం ఆ రుమాలు గురించే.

ఆడపిల్లలిద్దరూ అత్తవారిళ్ళకు వెళ్ళిపోయాక ఇంట్లో మొగుడూ పెళ్ళాం ఇద్దరే మిగిలారు. ఇంటి వెనక కుండలు కాల్చే ఆవం ఉండేది. ఆ ఆవం బూడిదలో ఏటా ఒక నిప్పుతొండ గుడ్లు పెట్టేది.

నిప్పుతొండను చూడనివాళ్ళకు అదేమిటో చెప్పాలి. దూరం నుంచి చూస్తే మామూలు తొండే. జానెడు పొడుగు, తోమిన రాగిచెంబు రంగు, మగదానికైతే నెత్తి మీద ఎర్రటి కుచ్చు. దగ్గరికి వెళితే మాత్రం ముందుకాళ్ళ వెనక తాటాకు విసనకర్రల్లా మడిచిన రెండు రెక్కలు కనిపిస్తాయి. వాటితో అది కోడి ఎగిరినంత ఎత్తు ఎగురుతుంది, అంతకు మించి పోలేదు. గొంతు కింద సంచిలా వేలాడే తోలు ఉంటుంది. ఆముదపు చేలల్లో పడి పురుగులను ఏరుకు తిని, కింద రాలిన గింజలను కూడా కొరికి తింటే, ఆ నూనె కొంత ఆ సంచిలోకి చేరుతుంది. బెదిరినప్పుడో జతను పిలిచేటప్పుడో దవడలోని గట్టి పళ్ళను చెకుముకి రాళ్ళలా టక్కున కొడుతుంది. అప్పుడు నోట్లోంచి జొన్నగింజంత నీలిమంట వస్తుంది. దానితో ఇల్లు అంటుకోదు. ముసలివాళ్ళు కొందరు చుట్ట ముట్టించుకోవాలని చూసి మీసాలు కాల్చుకున్నారు, జరిగిన నష్టం అంతే.

ఏడాదిలో ఎక్కువ కాలం అవి ఊరి చుట్టూ ఉన్న బండల సందుల్లో బతికేవి. వైశాఖం ఎండలకు ఆవాల్లోకి దిగేవి. ఆడది వెచ్చటి బూడిదలో గుంట తీసి రెండు గుడ్లు పెట్టి వాటి మీద కూర్చునేది. ఇక అప్పటినుంచి దానికి తిండి లేదు. బూడిద చల్లబడినప్పుడల్లా సంచిలోని నూనె ఇంత ఖర్చు చేసి, మంట ఊది, మళ్ళీ వేడి పుట్టించేది. తొలకరికి ఉసిళ్ళు లేచేనాటికి సంచి వట్టిపోయి, రాగిరంగు పోయి, ఆ తల్లి బక్కచిక్కి బూడిద రంగుకు తిరిగేది. ఉసిళ్ళు లేచిన రోజే గుడ్లు పగిలేవి. పిల్లలు తడి నేల మీద పడుతూ లేస్తూ ఆ ఉసిళ్ళ వెంట ఉరికేవి. అన్నాళ్ళూ మగది ఆవం గోడ మీదే కాపలా. పిల్లి వచ్చినా ముంగిస వచ్చినా దాని ముఖాన మంట ఊదేది.

ఒక జంట ఒక ఆవాన్ని పట్టుకుంటే చచ్చేదాకా వదలదు. లచ్చవ్వ కాపురానికి వచ్చిన కొత్తలో అత్త ఆమెను వెనక్కి తీసుకుపోయి చూపించిన ఆడతొండకు కుడి రెక్క అంచు చిరిగి ఉండేది. లచ్చవ్వ తల నెరిసేనాటికీ అదే తొండ వస్తూ ఉంది.

తొండ గుడ్ల మీద ఉన్నన్నాళ్ళు కుమ్మరివాడలో ఎవరూ ఆవం ముట్టించేవారు కాదు. నీళ్ళకుండలు అమ్ముడుపోయేది ఆ ఎండల్లోనే కాబట్టి చైత్రంలోనే ఒళ్ళు వంచి కాల్చి పెట్టుకునేవారు. దాన్ని మొక్కు అని గాని, ఆచారం అని గాని ఎవరూ అనలేదు. కాపురం చేసుకుంటున్న జీవం మీద నిప్పు పెట్టడం ఏమిటని లచ్చవ్వ అత్త అనేది. లచ్చవ్వకూ అంతకంటే పెద్ద కారణం అవసరమనిపించలేదు.

జర్మనీ యుద్ధం ముగింపుకొచ్చిన ఏడు వైశాఖంలో దొర కొడుకు పెళ్ళి కుదిరింది. ఆ శివారు భూములు దొరవి. కుమ్మరివాడ ఉన్న జాగ కూడా తనదేనని ఆయన అనేవాడు, కాదనే ధైర్యం ఎవరికీ లేదు. గడిలో పెళ్ళంటే కుమ్మరులు కుండలు, గురుగులు, మూకుళ్ళు బండ్లకొద్దీ ఊరికే ఇవ్వాలి. అది వెట్టి. లచ్చవ్వ పళ్ళు నూరుకుంటూనే దానికి అలవాటు పడింది. కానీ ఆ ఏడు యుద్ధం మూలాన ఎక్కడా పటాకులు దొరకలేదు. హైదరాబాదు పంపిన మనిషి వట్టి చేతులతో తిరిగొచ్చాడు. పెళ్ళి ఊరేగే బరాత్‌లో మిరుమిట్లు లేకపోతే వియ్యాలవారి ముందు తల ఎత్తుకోలేమని గడిలో అందరూ గుంజాటన పడుతుండగా ఎవరో నిప్పుతొండల మాట ఎత్తారు. వెదురు గడలకు కట్టి పుల్లలతో పొడుస్తూ పోతే వరసగా మంటలు ఊదుతాయన్నారు. దొరకు ఆ ఆలోచన నచ్చింది.

హుకుం పట్టుకుని గడి గుమాస్తా దత్తాత్రి వాడకు వచ్చాడు. మర్నాడు మనుషులు వస్తారనీ, ఆవాల్లో ఉన్న తొండలన్నింటినీ అప్పగించాలనీ చెప్పాడు. పోశయ్య అప్పటికే రుమాలు విప్పాడు. లచ్చవ్వ మొగుణ్ణి దాటి ముందుకొచ్చింది.

"గిప్పుడు గుడ్ల మీదున్నయి పంతులూ. లేపితే గుడ్లు సస్తయి."

"మంచిదే గద," అన్నాడు దత్తాత్రి. "ఉరకకుంట దొరుకుతయి."

ఆ మాట అతను వెటకారంగా అనలేదు. బెదిరింపుగానూ అనలేదు. పని సులువైందన్న తృప్తితో అన్నాడు. వెటకారమైతే లచ్చవ్వ మర్చిపోయేదేమో. ఆ తృప్తిని మాత్రం ఆమె జన్మలో మర్చిపోలేదు.

మరుసటి రోజు చెరువు మన్ను తేవడానికి వెళుతూ, ఎవరొచ్చినా వెనక తలుపు తియ్యొద్దని, తాను వచ్చాక తానే మాట్లాడతానని మొగుడికి గట్టిగా చెప్పింది. మన్ను గంపతో తిరిగొచ్చేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. ఆవాన్ని పారలతో తవ్వేశారు. బూడిద వాకిలిదాకా చెల్లాచెదురుగా పడి ఉంది. వచ్చినవాళ్ళ ముఖాల మీదికి ఎగిరినట్టుంది, మగతొండ పార దెబ్బకు గోడ మొదట్లో చచ్చి పడి ఉంది. బూడిదలో గుడ్లు రెండూ అలాగే ఉన్నాయి, తల్లి లేదు. పోశయ్య గడప మీద కూర్చుని ఉన్నాడు.

లచ్చవ్వ గంప దించింది. "తలుపు ఎవలు తీసిన్రు?"

పోశయ్య గడప మీంచి లేచాడు. "నేనే తీసిన. తియ్యకుంటే సారె పలగ్గొడ్తమన్నరు. నన్ను కొట్టి గుంజుకపోతే నీకు మంచిగుంటుండెనా?"

"కొడితే మందు రాద్దును," అంది లచ్చవ్వ. "గిప్పుడేం రాయాలె నీకు?"

అంతే. ఆ తర్వాత ఆమె అతనితో మాట్లాడలేదు. గుడ్లను ఒక మూకుట్లో పెట్టి, వెచ్చటి బూడిద కప్పి, చుట్టూ నిప్పులు పేర్చింది. తల్లి ఎంత వేడి పెడుతుందో ఆమెకు తెలియదు, ఎవరికీ తెలియదు. చెయ్యి పెట్టి చూస్తే ఒకసారి ఎక్కువనిపించేది, ఒకసారి తక్కువనిపించేది. పక్కింట్లో ఉండే రాములవ్వ, పోశయ్యకు చిన్నమ్మ, వాడలో అందరికంటే పెద్దది. ఆమెను మూకుడి దగ్గర కూర్చోబెట్టి లచ్చవ్వ గడికి నడిచింది.

పెద్ద దర్వాజాలోంచి పోనివ్వలేదు. వెనక కొట్టాల వైపు నుంచి వెళ్ళింది. అక్కడ నాలుగైదు వెదురు గడలు గోడకు ఆనించి ఉన్నాయి. వాడలోని ఆవాలన్నింటినుంచీ తెచ్చిన తొండలను, రెక్కల్లో సూదితో దారం దూర్చి, పూలదండలా గడల వెంట కట్టారు. పెళ్ళికి ముందే దిగిన చుట్టాల కుర్రాళ్ళు పుల్లలతో పొడిచి చూస్తున్నారు. మగవాటి నోట నీలిమంట వచ్చినప్పుడల్లా కేకలు పెడుతున్నారు. తల్లుల నోట మంట రావడం లేదు. ఉన్న నూనెంతా అవి గుడ్ల కింద ఖర్చు చేశాయి. రెక్క చిరిగిన ముసలి తొండ ఒకటికి రెండుసార్లు దవడ కొట్టి ఊరుకుంది. ఒక కుర్రాడు దాని నోరు తెరిచి చెంచాతో దీపాల్లో పోసే గ్యాసునూనె పోశాడు. అది విలవిల్లాడింది. వాళ్ళు నవ్వారు.

 లచ్చవ్వ దత్తాత్రిని వెతికి పట్టుకుంది. మంట రాని తల్లులతో మీకేం పని, వాటిని ఇచ్చెయ్యండి, మగవాటిని ఉంచుకోండి అని అడిగింది. ఆ మాట అన్నందుకు తన మీద తనకే రోత పుట్టింది, అయినా అడిగింది. దొర ముందర ఈ మాట తాను ఎత్తలేనని దత్తాత్రి అన్నాడు. అని, వెళ్ళబోతూ, అయిరేని కుండలకు రంగులు బాగా వెయ్యమని దొరసాని చెప్పిందని, మరిచిపోవద్దని హెచ్చరించాడు.

అయిరేని కుండలు లేకుండా ఆ ప్రాంతంలో పెళ్ళి జరగదు. సున్నం, ఎర్ర జాజు పూసి ముగ్గులు వేసిన ఆ కుండలను పెళ్ళివారు డప్పులతో కుమ్మరి ఇంటికి వచ్చి, చీర పెట్టి, బియ్యం పోసి, ఆ ఇంటి ఆడమనిషి చేతుల మీదుగా తీసుకుపోవాలి. లాక్కుపోతే పనికిరావు. ఇష్టంగా ఇస్తేనే అవి అయిరేని, లేకపోతే వట్టి మట్టి. వెట్టిలోకి రాని కుండలు కుమ్మరింట్లో అవొక్కటే. దత్తాత్రి వాటి మాట ఎత్తగానే లచ్చవ్వ బతిమాలడం ఆపేసింది. వెనుదిరిగి ఇంటికి వచ్చింది.

ఎంత కాచుకున్నా గుడ్లు నిలవలేదు. మూకుట్లో ఒక గుడ్డు చల్లబడి అలాగే ఉండిపోయింది, రెండోది నెర్రె విచ్చింది. పెంకు తీస్తే లోపల పూర్తిగా తయారైన పిల్ల చచ్చి ఉంది, ఉల్లిపొరలాంటి రెక్కలు ఒంటికి అంటుకుని ఉన్నాయి. లచ్చవ్వ దాన్ని చేటలో పెట్టుకుని వాడలో ఇల్లిల్లూ తిరిగింది. ఏడవలేదు, ఎవరినీ ఏడవమనలేదు. ఈ పెళ్ళికి ఏ ఇంటి నుంచీ అయిరేని పోకూడదంది. కొందరు తలుపులు మూసుకున్నారు. కొందరు పిల్లలున్నవాళ్ళమని దండం పెట్టారు. ఒకామె, ఇంతా చేసి తొండలే కదా అంది. ఆ ఇంటి ముందు మాత్రం లచ్చవ్వ కొంచెం ఎక్కువసేపు నిలబడింది. "తొండలే. రేపు మన్నే గద అంటరు, ఎల్లుండి నీ బిడ్డే గద అంటరు. గప్పుడు నేనొచ్చి ఏం జెప్పాలె నీకు?" అంది. చివరికి రాములవ్వ అరుగు మీదికి వచ్చి, తన ఆవంలో గుడ్లూ పోయాయని, తన ఇంట్లోంచి ఒక్క కుండ కూడా కదలదని అందరికీ వినబడేలా చెప్పింది. పెద్దామె మాట తర్వాత మిగిలినవాళ్ళకు కాదనడం కష్టమైంది.

పెళ్ళివారు పొద్దున్నే డప్పులతో వచ్చారు. దొరసాని తెరలు కట్టిన సవారి బండిలో కూర్చుని ఉంది. వెనక ఆడవాళ్ళు పళ్ళేల్లో చీర, బియ్యం, పసుపు కుంకుమలు పట్టుకుని నిలబడ్డారు. లచ్చవ్వ గుమ్మం ముందు రంగులేసిన కుండ ఒక్కటీ లేదు. దొరసాని తెర కొంచెం పక్కకు జరిపింది.

"కుండలేవి?"

"చెయ్యలేదు దొర్సానమ్మా."

"పానం బాగలేదా ఏంది?" అని ఆవిడ నిజంగానే అడిగింది.

"పానం మంచిగనే ఉన్నది. ఇయ్యబుద్ధి గాలేదు."

డప్పులు ఆగిపోయాయి. విషయం దత్తాత్రి దొరసాని చెవిలో చెప్పాడు. ఆవిడ ముఖం ఎర్రబడింది. పురుగుల కోసం నా కొడుకు లగ్గానికి అడ్డం పడతావా అంది.

"లగ్గానికి నేనెందుకు అడ్డం," అంది లచ్చవ్వ. ఆమె బాంచెన్ అని తల వంచలేదు, గొంతు పెంచనూ లేదు. "మీ ఇంట్ల ఎవలన్న కాన్పయితే, బాలింతను లేపి బజార్ల నిలబెట్టి ఆట సూస్తరా? గది జేసిన ఇంటికి ఈ చేతులతోని అయిరేని ఇయ్య."

దొరసాని తెర వదిలేసింది. దత్తాత్రి ఆడదానితో మాటలేమిటన్నట్టు పోశయ్య వైపు తిరిగి, నీ పెండ్లానికి నువ్వు చెప్పు అన్నాడు. పోశయ్య చెయ్యి తల మీదికి పోయింది. రుమాలు విప్పాడు. చంకలో పెట్టుకున్నాడు. అప్పుడు అన్నాడు. "కుండలు లెవ్వయ్యా. ఉన్నా గూడ, ఆమె ఇయ్యంది నేనియ్య."

సవారి బండి వెనక్కి మళ్ళింది. పొద్దు నడినెత్తికి రాకముందే గడి మనుషులు కర్రలతో వచ్చారు. వాడలో ఆరబెట్టిన కుండలన్నీ పగలగొట్టారు. పోశయ్య సారెను రెండు ముక్కలు చేశారు. అతన్ని లాక్కుపోయి గడి ముందు ఎండలో వంగబెట్టి వీపు మీద రాయి పెట్టారు. సాయంత్రం నలుగురు మోసుకొచ్చి మంచం మీద వేశారు. లచ్చవ్వ ఆముదంలో పసుపు రంగరించి అతని వీపుకు రాసింది. రాస్తున్నంతసేపూ ఆమె పళ్ళు బిగబట్టే ఉంది. ఆ కోపం ఇప్పుడు అతని మీద కాదు.

అయిరేని కోసం గడి మనుషులు దౌల్తాబాద్ పోయారు, మర్కూక్ పోయారు. కుమ్మరులకు అన్ని ఊళ్ళలోనూ చుట్టరికాలే కాబట్టి మాట వాళ్ళకంటే ముందే పోయింది. ఒకచోట మన్ను ఆరలేదన్నారు, ఇంకోచోట ఆవం కూలిందన్నారు. చివరికి సిద్దిపేట బజార్లో ఇత్తడి బిందెలు కొని, వాటికి సున్నం పూసి పెళ్ళి కానిచ్చారు. వియ్యాలవారి ముసలమ్మ అది చూసి, మీ ఊళ్ళో కుమ్మరులు చచ్చారా అని అందరి ముందూ అడిగిందట. తొండలు బరాత్‌దాకా చాలావరకు బతకలేదు. ఒకటి రెండు బతికినా వాటి నోట మంట లేదు. పెట్రోమాక్స్ దీపాలతోనే ఊరేగారు. చచ్చినవాటిని పెంట మీద పారెయ్యమంటే మనసొప్పక గుంట తీసి పూడ్చానని, గడి కొట్టాల్లో పనిచేసే యోహాను వచ్చి చెప్పాడు. రెక్క చిరిగినది ఉందా అని లచ్చవ్వ అడిగింది. ఉందన్నాడు.

దొర ఊరుకోలేదు. చెరువు మన్ను కుమ్మరులు ముట్టకూడదని హుకుం వేశాడు. వాడంతా దూరం పోయి మన్ను మోసుకోవలసి వచ్చింది. కడుపు కాలేసరికి కొందరు లచ్చవ్వనే తిట్టుకున్నారు. ఇద్దరు ముగ్గురు గడికి పోయి కాళ్ళ మీద పడ్డారు. లచ్చవ్వ వాళ్ళనేమీ అనలేదు గాని, వాళ్ళు పలకరిస్తే పలకలేదు.

మరుసటి ఏడు వైశాఖంలో ఏ ఆవంలోకీ నిప్పుతొండ దిగలేదు. వానలు పడ్డాక ఆముదపు చేలకు పురుగు పట్టింది. ఆకన్నది లేకుండా తినేసి ఈనెలు మిగిల్చింది. దొర చేలు కూడా అంతే. ఊళ్ళో దీన్ని లచ్చవ్వ శాపం అనడం మొదలుపెట్టారు. అది విన్నప్పుడు ఆమెకు వచ్చిన కోపం అంతకు ముందరి కోపాలన్నింటినీ మించింది. "శాపమంట. పురుగును తినెటిదాన్ని సంపుకుంటిరి, పురుగు పెరిగె. గిండ్ల నా నోరెక్కడున్నది?" అని రాములవ్వ దగ్గర వాపోయింది. శాపమని చెప్పుకుంటే చేసినవాళ్ళ తప్పు ఎక్కడికో కొట్టుకుపోతుందని ఆమె బాధ.

ఆ ఏడే ఇల్లు వదిలి ఇద్దరూ కోహెడకు చేరారు. అక్కడ పోశయ్య చెల్లెలు కొమురవ్వ ఉండేది. ఆమె మొగుడు కూడా కుండలు చేసేవాడే. పోశయ్య వీపు మళ్ళీ సరిగ్గా నిలబడలేదు. కూర్చుని సారె తిప్పగలిగేవాడు, మన్ను మాత్రం లచ్చవ్వే తొక్కేది. కొమురవ్వ ఆవంలో నిప్పుతొండ జంట ఉంది. అది చిన్న వయసుది, మనుషులంటే బెదురు. లచ్చవ్వ దానికి దూరంగా కూర్చునేది. ఇది ఆ ముసలి తొండ కాదని తెలుసు, దానితో పోల్చుకోవడం ఆమెకు ఇష్టం లేదు. కానీ తొలకరి రోజున పిల్లలు ఉసిళ్ళ వెంట పడుతూ లేస్తూ ఉరుకుతుంటే, పోశయ్యను చెయ్యి పట్టి లేపి తీసుకొచ్చి చూపించింది.

కొన్నేళ్ళకు నిజాం రాజ్యం పోయింది. దొర హైదరాబాదులో ఇల్లు కొనుక్కుని వెళ్ళాడు, దత్తాత్రి ఎటు పోయాడో తెలియదు. కోహెడకు కొత్త అధికారి ఒకరు వచ్చారు. పెద్దమనిషి, నేల మీద కూర్చుని మాట్లాడేవాడు. ఈ వైపు ఏవో నిప్పు ఊదే తొండలున్నాయట, చూడాలని ఉంది, నగరం నుంచి వచ్చే పెద్దలకు కూడా చూపిద్దాం అని ముచ్చటగా అడిగాడు. కొమురవ్వ ముఖం వెలిగింది. ఆమె నోరు తెరవకముందే లచ్చవ్వ లేచింది.

"ఉండెటియి సారూ. సిద్దిపేట దిక్కు. ఇప్పుడు లెవ్వు."

ఆయన నిజంగానే బాధపడ్డాడు. కొత్త కుండలోని నీళ్ళు తాగి, బాగున్నాయని చెప్పి వెళ్ళిపోయాడు. కొమురవ్వ వదినె మీద చిన్నబుచ్చుకుంది. మంచి మనిషికి అబద్ధం చెప్పావంది.

"మంచోడే," అంది లచ్చవ్వ. "ఆయన ఎన్క వచ్చెటోళ్ళ సంగతి నాకెర్కనా?"

వెనక ఆవంలో తల్లి గుడ్ల మీద ఉంది. లచ్చవ్వ వెళ్ళి వెనక తలుపుకు గడియ పెట్టి, పక్కన నానుతున్న మన్నులోకి దిగి తొక్కడం మొదలుపెట్టింది.